ఎవరికో వచ్చిన గది

పొద్దున ఎనిమిదింటికి వదిన కార్ఖానా షట్టరు ఎత్తి, టీకి నీళ్ళు పడేసి, నిన్నటి పోగుల తుక్కు ఊడ్చి, ఒకసారి గోడల వెంట నడిచి వచ్చేది. గోడలు ఎక్కడివక్కడ ఉన్నాయో లేదో చూసుకోవడం, ఆవిడ కోడలిగా వచ్చిన కొత్తలో మామగారు అలవాటు చేసిన పని.

ఆవిడ ఎవరికి వదిన అని ఎవరూ అడగరు. మొదట్లో ఆవిడ భర్త ఈడువాళ్ళు నలుగురు అలా పిలిచారు. తర్వాత పనివాళ్ళు, ఆ తర్వాత టీకొట్టతను, పోస్టుమేను, చివరికి ఆవిడకంటే పదేళ్ళు పెద్దదైన తీగమ్మ కూడా అదే పిలుపు పట్టుకుంది. కార్ఖానాలో చేసేవి బ్రష్షులు. సీసాలు కడిగేవి, పిండిమరల్లో జల్లెడలు దులిపేవి, గోడలకు సున్నం వేసేవి. మొత్తం పదకొండుమంది పనివాళ్ళు. తీగమ్మ రెండు తీగల మధ్య నైలాను పోగులు పరిచి, ఒక కొస కొక్కేనికి తగిలించి, ఇంకో కొస పిడితో గిర్రున తిప్పేది. పోగులన్నీ ఉలిక్కిపడ్డట్టు నిక్కబొడుచుకుని గుండ్రంగా లేచేవి. వాటిని సమంగా కత్తిరించే మనిషిని అందరూ కత్తెర అనే పిలిచేవారు. రోజుకి పది మాటలు దాటితే కత్తెరకి దవడ నొప్పి పుడుతుందని తీగమ్మ అంటుండేది.

మామగారు మొదలుపెట్టినప్పుడు అది ఒకటే గది. ఆ తర్వాత ఏ మేస్త్రీ వచ్చి అక్కడ ఇటుక పెట్టింది లేదు. కొత్త మనిషి పనిలో చేరడం ఖాయమైతే చాలు, తెల్లారేసరికి కార్ఖానా ఆ మనిషికి సరిపడా పెరిగి ఉండేది. కత్తెర పొడగరి కాబట్టి అతని మూలన కప్పు మూరెడు పైకి లేచింది. తీగమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ చేరిన రోజున గుమ్మం ముందు మెట్లు పోయి ఏటవాలు వచ్చింది. ఎవరైనా మానేస్తే, వారం రోజులు ఆగి చూసి, గోడ మళ్ళీ దగ్గరికి జరిగేది. అలాంటప్పుడు పక్కనున్న దర్జీ తన కుట్టుమిషను ఓసారి ఇటు, ఓసారి అటు లాక్కునేవాడు. "ఎవరో చేరినట్టున్నారే వదినా, మంచిదే" అనేవాడు. అంతకు మించి దాని గురించి మాటలుండేవి కావు. ఆ వీధిలో చిన్నా చితకా కార్ఖానాలన్నీ అలా పెరిగినవే, అలా తగ్గినవే.

ఆ మంగళవారం పొద్దున జిగురు డబ్బాల అలమర దగ్గర వదిన కాళ్ళు ఆగిపోయాయి. నిన్నటిదాకా గోడ ఉన్నచోట గుమ్మం ఉంది. గుమ్మం లోపల గది. గదిలో ఒక బల్ల, దాని ముందు స్టూలు, బల్ల అంచుకి వస్తువుని కదలకుండా పట్టి ఉంచే వైసు, పక్కన కిటికీ. చొక్కా తగిలించుకోవడానికి కొక్కెం కూడా ఉంది. సున్నం ఇంకా తడిగానే ఉంది.

ఆవిడకి ముందు సంతోషం వేసింది. మరుక్షణం అసలు సంగతి గుర్తొచ్చింది. కొత్తగా ఎవర్నీ చేర్చుకోలేదు. చేర్చుకునే మాటే లేదు. పెద్ద ఫ్యాక్టరీలో మిషను మీద చేసిన బ్రష్షులు కట్టలు కట్టలుగా వచ్చి పడుతుంటే, ఉన్న పదకొండుమందికే వారానికి నాలుగు రోజుల పని మిగిలింది. పైగా కార్ఖానానే అమ్మేస్తున్నారు. సరుకులు రవాణా చేసే ఒక పెద్ద కంపెనీ ఆ స్థలం గోడౌనుకి కావాలంది. గురువారం కొలతలు, ఆ తర్వాత సంతకాలు.

లోపలికి వస్తున్న భర్తకి ఎదురెళ్ళి అడిగింది. "ఎవరినైనా పనిలోకి రమ్మన్నారా?"

భర్త భుజాన శాంపిళ్ళ సంచీ ఎప్పుడూ దిగదు. అందుకే ఊళ్ళో షాపులవాళ్ళంతా ఆయన్ని సంచాయన అంటారు. సంచీతోనే గుమ్మం దాకా వచ్చి గదిలోకి తొంగి చూశాడు.

"నేనా? ఉన్నవాళ్ళకేం చెప్పాలో తెలియక నేను చస్తుంటే!" అన్నాడు. "ముసలిదైపోయింది కార్ఖానా. లెక్క తప్పింది."

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా తప్పిందా?"

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా అమ్మకానికి పెట్టామా?"

 కానీ గది ఊరికే రాదు. పది గంటలకల్లా ఆవిడ పదకొండుమందినీ అడిగింది, పదకొండు జవాబులు వచ్చాయి. తన చిన్నకూతురు పనిలో చేరతానని మొన్న అన్నదనీ, ఆ మాట గోడ వినుంటుందనీ తీగమ్మ చెప్పింది. జిగురు కలిపే మనిషి, ఇన్నాళ్ళకి తనకి విడిగా గది ఇచ్చారని అందరికీ టీ చెప్పి వచ్చేశాడు. ఇంకొకరు అది భోజనాల గది అన్నారు. కత్తెర మాత్రం, "ఏమో" అన్నాడు. అది ఆ రోజుకి అతని మూడో మాట.

వదిన స్టూలు మీద కూర్చుని చూసింది. ఎలా కూర్చున్నా ఇబ్బందిగానే ఉంది. చేతిలో బ్రష్షు పట్టుకుంటే చెయ్యి నీడ సరిగ్గా పని మీదే పడుతోంది. కిటికీ ఉండాల్సిన వైపు గోడ, గోడ ఉండాల్సిన వైపు కిటికీ. జిగురాయన కూర్చున్నా అంతే, తీగమ్మ కూర్చున్నా అంతే. "ఇంత తెలివితక్కువగా ఏ గదీ రాలేదమ్మా" అని లేచిపోయింది తీగమ్మ.

గురువారం కంపెనీ నుంచి ఒక గుమాస్తా టేపు పట్టుకుని వచ్చాడు. మర్యాదస్థుడు. చెప్పులు బయట విడిచి మరీ కొలిచాడు. కొలిచి, కాగితం చూసుకుని, మళ్ళీ కొలిచి, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మీరిచ్చిన కొలతల్లో ఈ గది లేదండీ."

"మంగళవారం వచ్చింది" అంది వదిన.

"ఓహో. ఎవరికి?"

"అదే తెలియట్లేదండీ."

గుమాస్తా ఆశ్చర్యపోలేదు కానీ దిగులుపడ్డాడు. "ఇది వచ్చిపడిందేమిటండీ నా ప్రాణానికి! మా ఫారంలో రెండే గళ్ళు. చిన్నతరహా, మధ్యతరహా. ఈ గది లేకపోతే మీరు చిన్న. సాయంత్రానికి సంతకాలైపోయేవి. ఇది కలిపితే మీరు మధ్య. దానికి పై ఆఫీసు ముద్ర కావాలి. మూడు వారాలు పడుతుంది."

"పదకొండుమందిమి, అందులో ముగ్గురికి కళ్ళు సరిగ్గా కనపడవు" అంది తీగమ్మ పిడి తిప్పడం ఆపి. "మేమెప్పుడు మధ్యకొచ్చాం బాబూ?"

"మంగళవారమేనండీ" అన్నాడు గుమాస్తా, వినయంగా.

వదినకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పని ఇంతగా పడిపోయిన రోజుల్లోనే కార్ఖానా చిన్నది కాకుండా పోయింది. పెద్దదీ కాలేదు. మధ్య అంటే ఏమిటో, ఎవరికి ఎవరికి మధ్యో ఆవిడకి బోధపడలేదు. మూడు వారాల తర్వాత సోమవారం వస్తానని చెప్పి గుమాస్తా చెప్పులు వేసుకున్నాడు.

రెండోవారంలో ఒకావిడ వచ్చింది. ఊరి చివర పళ్ళు కడిగి, ఏరి, పెట్టెల్లో సర్దే షెడ్డు ఆవిడది. చేతిలో కాగితం మీద ఒక బొమ్మ గీసుకొచ్చింది. చెక్క రోలరు, చుట్టూ వంకర వరసల్లో మెత్తని పోగుల కుచ్చులు. అలాంటివి నాలుగు వరసగా తిరుగుతుంటే పళ్ళు వాటిమీద దొర్లుతూ శుభ్రపడతాయట. ఉన్నవి అరిగిపోయాయి.

"ఫ్యాక్టరీకి వెళ్ళానండీ. వెయ్యికి తక్కువైతే మిషను కదలదన్నారు" అంది ఆవిడ. "వెయ్యి రోలర్లు పెట్టుకుని నేనేం చేసుకోను? కోత మొదలవడానికి ఇరవై రోజులుంది. నా దగ్గర ముప్పైమంది ఆడవాళ్ళు పనిచేస్తారు. అవి తిరక్కపోతే వాళ్ళు ఇంట్లో కూర్చోవాలి. ఊరంతా తిరిగాను. వెయ్యి చేసేవాళ్ళున్నారు గానీ నాలుగు చేసేవాళ్ళు లేరు."

సంచాయన కళ్ళు మెరిశాయి. "చేస్తామని చెప్పెయ్" అని భార్య చెవిలో అన్నాడు. వదిన కాగితాన్ని కత్తెరకి చూపించింది, జిగురాయనకి చూపించింది. రంధ్రాలు ఏటవాలుగా పడాలి, ఒక్కొక్క కుచ్చునీ లోపలినుంచి తీగతో లాగి బిగించాలి. ఎవరూ ఎప్పుడూ చెయ్యలేదు. రెండు రోజులు టైమివ్వమని అడిగి ఆవిడని పంపేశారు.

ఆవిడ వెళ్ళాక తీగమ్మ చాలాసేపు పిడి తిప్పలేదు.

"వదినా, ఇలాంటివి ఇక్కడ చేశారు. నేను చేరిన కొత్తలో."

"ఎవరు?"

"ఎవరంటే ఏం చెప్పను? ఆ గదిలో కిటికీ ఎటుంది? వైసు ఎటుంది? ఎడంచేత్తో పనిచేసేవాళ్ళు కూర్చుంటే నీడ పడదు. ఈ కార్ఖానాలో ఎడంచేతివాటం మనిషి ఒక్కరే ఉండేవారు. మిగతాది నా నోటితో అనిపించకు."

అనక్కర్లేదు. వదిన చూపు తనంతట తనే షట్టరు దాటి, వీధి దాటి, అవతలికి పోయింది.

అవతల ఉండేది బావగారు. సంచాయనకి స్వయానా అన్న. పద్దెనిమిదేళ్ళ కిందట ఇద్దరూ ఇక్కడే పనిచేశారు. అన్న చేసేవాడు, తమ్ముడు అమ్మేవాడు. ఒకసారి పిండిమరలకి ఇవ్వాల్సిన బ్రష్షుల్లో జిగురు ఇంకా ఆరలేదని అన్న ఆపితే, మాటిచ్చానని తమ్ముడు బండెక్కించేశాడు. వారానికి పోగులన్నీ పిండిలో రాలి సరుకు మొత్తం తిరిగొచ్చింది. "నీకు నోరొచ్చు, పని రాదు" అన్నాడు అన్న. "నీకు పనొచ్చు, లోకం రాదు" అన్నాడు తమ్ముడు. ఆ సాయంత్రమే అన్న బయటికి నడిచి, ఎదురుగా తన షెడ్డు పెట్టుకున్నాడు. ఆయన గది మూసుకోవడానికి ఈ కార్ఖానా వారం ఆగలేదు, ఏడాది ఆగింది. ఎందుకు ఆగిందని అప్పుడూ ఎవరూ మాట్లాడుకోలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ వదిన వీధి దాటింది. ఒకప్పుడు ఆరుగురు పనిచేసిన షెడ్డు అది. ఒక్కొక్కరే మానేస్తూ వచ్చేసరికి, ఒక్కొక్క గోడే దగ్గరికి జరుగుతూ వచ్చింది. ఇప్పుడు సరిగ్గా ఒక కుర్చీ పడుతుంది. బావగారు అందులో కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు వీధిలో ఉన్నాయి.

"బావగారూ" అంది వదిన. పద్దెనిమిదేళ్ళలో ఆయన్ని అలా పిలవడం అదే మొదలు.

ఆయన చటుక్కున లేవబోయాడు, తల కప్పుకి తగిలింది. "తమ్ముడికేమైనా అయిందా?"

"లేదు లేదు. బాగానే ఉన్నారు. మా దగ్గర ఒక గది వచ్చింది."

"చూశాను. దర్జీ మిషను జరిపాడుగా. ఎవరు చేరారు?"

"ఎవరూ చేరలేదు."

"మరి నన్నడుగుతావేమిటమ్మాయ్? మీ కార్ఖానా, మీ గది."

"వైసు ఎడంవైపు ఉంది బావగారూ."

ఆయన కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "లోకంలో ఎడంచేతివాణ్ణి నేనొక్కణ్ణేనా?" అన్నాడు.

వదిన చేతిలోని కాగితం ఇచ్చింది. తను ఏం అడగడానికి వచ్చిందో దారిలోనే మర్చిపోయినట్టు ఉంది ఆవిడకి. రమ్మనడానికా, బొమ్మ అర్థం చెప్పించుకోవడానికా? అమ్మేసే కార్ఖానాలోకి మనిషిని ఏమని రమ్మంటారు?

బావగారు కాగితం దూరంగా పట్టుకుని చూశాడు. "తప్పు గీశారు. వరసలు ఇంత దగ్గరైతే తొక్క గీరుకుపోతుంది" అని వేలితో చూపించి, తిరిగి ఇచ్చేశాడు. "నాకు కుదరదమ్మాయ్. వచ్చే సోమవారం కాక పై సోమవారం నుంచి ఉద్యోగం. గేటు దగ్గర కాపలా. కుర్చీ కూడా వాళ్ళే ఇస్తారట."

"ఏ గేటు?"

"మీదే. గోడౌనయ్యాక" అన్నాడు బావగారు.

తిరిగి వీధి దాటుతుంటే వదినని ఒక సైకిలతను గుద్దబోయి, తిట్టబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు.

సంచాయనకి విషయం చెప్పడానికి ఆవిడకి అరగంట పట్టింది. ఆయన రెండే ప్రశ్నలు వేశాడు.

"వస్తానన్నాడా?"

"అనలేదు."

"నువ్వు రమ్మన్నావా?"

"ఏమన్నానో నాకే తెలియట్లేదండీ. వైసు ఎడంవైపు ఉందన్నాను."

 మర్నాడు పది గంటలైనా ఆయన షాపులకి బయల్దేరలేదు. వదిన వెళ్ళి చూస్తే ఆ గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సంచీ నేల మీద ఉంది. అది నేల మీద ఉండగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు, ఒంట్లో బాగోలేదేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"మన కార్ఖానా మునిగింది మిషనువల్లేనంటావా?" అన్నాడు ఆయన.

"కాదా?"

"ఏమో. ఇన్నేళ్ళూ ఫ్యాక్టరీవాళ్ళు చేసే బ్రష్షే మనమూ చేశాం, వాళ్ళకంటే ఆలస్యంగా. వాళ్ళు చెయ్యలేనిది అడుగుతూ ఒక మనిషి కాగితం పట్టుకుని వస్తే, మనకీ చేతకాలేదు." ఆయన లేచి, సంచీ తీసుకోకుండానే బయటికి నడిచాడు.

వదిన షట్టరు దగ్గర నిలబడింది. ఆవిడ వెనక తీగమ్మ, తీగమ్మ వెనక కత్తెర. అవతల సంచాయన అన్న ముందు నిలబడ్డాడు. ఒకరు కూర్చుని, ఒకరు నిలబడి, ఇద్దరూ నేలనే చూస్తున్నారు.

"నాలుగు రోలర్లు" అన్నాడు సంచాయన. "ఎప్పటికి ఇస్తామని చెప్పను?"

 "జిగురు ఆరడానికే నాలుగు రోజులు" అన్నాడు బావగారు.

"సరే."

"మధ్యలో వచ్చి వేలు పెట్టి చూడకూడదు."

"చూడను."

"గది చూసి వచ్చేస్తాను. అంతే. దీన్ని బట్టి ఏమీ అనుకోవద్దు."

"నేనేమీ అనుకోవట్లేదు" అన్నాడు సంచాయన. అది నిజమే. ఏమనుకోవాలో ఆయనకీ తెలియడం లేదు.

బావగారు ఏటవాలు ఎక్కి, ఎవరి వంకా చూడకుండా, దారి అడక్కుండా గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. స్టూలు ఎత్తు సరిపోయింది. తల తిప్పకుండానే చెయ్యి చాపి కిటికీ గడియ తీశాడు. తర్వాత ఆయన మొహం కోపంగా మారింది. ఆ కోపం ఎవరి మీదో ఎవరికీ అంతుపట్టలేదు. అదే మొహంతో, "చెక్క ఏదీ?" అన్నాడు.

కత్తెర పరుగున తెచ్చిచ్చాడు.

ఆ రోజు వదినకి ఏ పనీ సరిగ్గా సాగలేదు. టీ ఇవ్వాల్సి వస్తే, పనివాళ్ళ గ్లాసులో ఇవ్వాలా, ఇంటివాళ్ళ కప్పులో ఇవ్వాలా అని పది నిమిషాలు ఆలోచించింది. ఆయన చుట్టమా, పనివాడా, వాటాదారుడా? హాజరు పుస్తకంలో ఎక్కించాలా? ఎక్కిస్తే ఏమని? చివరికి రెండింట్లోనూ పోసి పట్టుకెళ్ళింది. బావగారు రెండూ తాగేశాడు.

సాయంత్రం వెళ్ళేటప్పుడు రేపు వస్తానని ఆయన అనలేదు. మర్నాడు ఎనిమిదింటికి వదిన వచ్చేసరికి షట్టరు ముందు నిలబడి ఉన్నాడు. "రంధ్రాలు సగంలో ఉన్నాయి" అన్నాడు, తప్పు చేసి దొరికిపోయినవాడిలా. ఆ మర్నాడూ వచ్చాడు. మూడోనాడు తీగమ్మని పిలిచి, కుచ్చు ఎలా లాగాలో చూపించాడు. "నీ మొహం, అంత గట్టిగా లాగితే చెక్క చీలుతుంది" అని తిట్టాడు. తీగమ్మ ఆ తిట్టుని ఇంటికెళ్ళి కూతురికి కూడా చెప్పుకుంది. వారం తిరిగేసరికి మొదటి రోలరు వైసులోంచి బయటికొచ్చింది. పళ్ళ షెడ్డావిడ దాన్ని చెంపకి రాసుకుని చూసి, తను కొన్నవాటికంటే మెత్తగా ఉందని, పక్క ఊళ్ళో సీసాల్లో పళ్ళరసం నింపేవాళ్ళకి ఇంకో రకం కావాలట, చెప్పనా అని అడిగింది. సంచాయన నోరు తెరవబోయి, మూసుకుని, గది వైపు చూశాడు.

"ముందు ఇవి అవనీ" అంది లోపలినుంచి గొంతు.

మిగతా మూడూ పూర్తయిన ఆదివారానికి, బావగారు తన షెడ్డుకి వెళ్ళడం మానేసి వారం మీద నాలుగు రోజులైంది.

సోమవారం పొద్దున గుమాస్తా ఆటో దిగాడు. ఒక చంకలో ఫైలు, ఇంకో చంకలో మడత విప్పని ఖాకీ చొక్కా. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ఎంతో సంతోషంగా చెప్పాడు.

"ముద్ర పడిందండీ. మీరు మధ్యతరహానే అని ఖాయం చేశారు. సంతకం పెట్టేస్తే అయిపోతుంది."

సంచాయన మిగతా మూడు రోలర్లు బండిలో వేసుకుని పళ్ళ షెడ్డుకి వెళ్ళాడు. వదిన ఒక్కతే ఉంది. సంతకం పెట్టమని భర్త చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆ సంగతి ఎత్తడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. పదకొండుమంది పనిలోంచి తలెత్తి ఆవిడ వంకే చూస్తున్నారు. ఆవిడ పెన్ను తీసుకుంది, మళ్ళీ బల్ల మీద పెట్టింది. "ఈ గళ్ళలో పన్నెండుమంది ఉంటే ఏమవుతుందండీ?" అని అడిగింది. ఆ ప్రశ్న తనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకే తెలియదు.

"పన్నెండు అని ఎక్కడా లేదండీ. కొలతలు మళ్ళీ మొదలు" అన్నాడు గుమాస్తా, కంగారుగా. వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చి చొక్కా పైకెత్తాడు. "అన్నట్టు, ఎదురుగా ఒక పెద్దాయన ఉండాలి. గేటు కాపలాకి ఇవాళ చేరాలి. ఈ చొక్కా ఆయనకి ఇచ్చి రమ్మన్నారు. చూస్తే అక్కడ షెడ్డే లేదు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత సందు ఉంది, అంతే. ఆయన ఎటు వెళ్ళాడో మీకేమైనా తెలుసా?"

వదిన నోరు తెరిచింది. బావగారని చెప్పాలా, లోపలున్నారని చెప్పాలా, ఏ హోదాలో ఉన్నారని చెప్పాలా?  గదిలో బర్రుమని తిరుగుతూ రంధ్రాలు వేస్తున్న బరమా ఆగింది.

"ఆయనకి పని దొరికిందని చెప్పు, అమ్మాయ్" అన్నాడు బావగారు, తల ఎత్తకుండానే. బరమా మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

వదిన ఆ మాటే చెప్పింది.